ఇంజనుకు మంచినీళ్లు

పడవ వెనక బిగించే ఇంజను తనను తాను చల్లబరచుకోవడానికి పడవ తేలే నీటినే వాడుకుంటుంది. అడుగున ఉన్న రబ్బరు రెక్కల పంపు ఆ నీటిని తోడి, సిలిండర్ల చుట్టూ సన్నటి దారుల్లో తిప్పి బయటికి వదులుతుంది. లక్నవరం లాంటి చెరువులో అది మంచినీరే. కాకినాడ, విశాఖ తీరాల్లో మాత్రం ఉప్పున్న సముద్రపు నీరు. ఇంజను ఆగాక లోపలి తడి ఆరి, మిగిలిన ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది, దారులను పూడ్చేస్తుంది.

ఆ ఉప్పును కడిగేయడానికి, ఒడ్డుకు చేర్చిన ఇంజనైతే కింది భాగాన్ని మంచినీళ్ల డ్రమ్ములో ముంచి, గేరు వేయకుండా నెమ్మదిగా నడుపుతారు. పక్కనుంచి చిమ్మే సన్నటి ధారను వేలితో తాకి చూస్తారు. నిండుగా వస్తే దారి బాగున్నట్టే.

లంగరు వేసిన పడవకు ఆ వీలు లేదు. చాలా ఇంజన్లకు కడగడం కోసమే ఒక గొట్టం ఉంటుంది. ఇంజను ఆపి, దానికి పైపు తగిలించి పది నిమిషాలు నీళ్లు వదులుతారు. తర్వాత పంకాతో సహా ఇంజనును పైకి లేపి ఉంచుతారు. అలసి వచ్చిన వేళ కూడా ఈ పని వాయిదా వేయని పడవవాడి శ్రద్ధ నిజంగా మెచ్చదగ్గది. చివరగా గొట్టం మూతిని యథాస్థానంలో గట్టిగా బిగించాలి. అది వదులైతే మర్నాడు చల్లబరిచే నీరు అక్కడే కారిపోయి ఇంజను వేడెక్కుతుంది.