గుంతల పెనం మీద పొంగణాలు

తిరుపతి, చిత్తూరు ఇళ్లల్లో పొద్దున దోసెలు పోయగా మిగిలిన పిండి సాయంత్రానికి కాస్త పులిస్తే ఎవరూ పారబోయరు. గుంతల పెనం పొయ్యెక్కుతుంది. రాయలసీమ అంతటా ఇష్టంగా తినే గుంత పొంగణాలకు ఆ పులుపే ప్రాణం.

ఈ ప్రాంతానికి పిండి రుబ్బడం కొత్త విద్య కాదు. 16వ శతాబ్దపు తిరుమల శాసనాల్లో శ్రీవారి నైవేద్యాల మధ్య దోసెపడి కూడా కనిపిస్తుంది.

నాలుగు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు మినప్పప్పు, చెంచాడు మెంతులు సరిపోతాయి. నాలుగైదు గంటలు నానాక మెత్తగా రుబ్బి, మూతపెట్టి ఉంచాలి. లాక్టిక్ బ్యాక్టీరియా పిండిలోని చక్కెరలను తిని ఆమ్లాన్నీ, కార్బన్ డయాక్సైడునూ వదులుతుంది. మినప్పప్పు జిగురు ఆ గాలిని బయటికి పోనివ్వదు. అందుకే పొంగణం లోపల అంత గుల్లగా ఉంటుంది, వంటసోడాతో పనే ఉండదు. ఎండాకాలం 6 నుంచి 8 గంటల్లో పొంగే పిండి, చలికాలంలో రాత్రంతా ఉంచినా ఒక్కోసారి పొంగదు.

ఆవాలు, జీలకర్ర, నానిన శనగపప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకుతో తిరగవాత పెట్టి పిండిలో కలపాలి. ఉల్లిపాయను కొంచెం వేయించి వేస్తే నీరు వదలదు, పిండి పలచబడదు.

అసలు పనితనం పెనం దగ్గరుంది. గుంతకు అరచెంచా నూనె వేసి, బాగా కాగాక ముప్పాతిక వంతు పిండి పోసి మూతపెట్టాలి. మంట మధ్యస్థంగా ఉండాలి. ఎక్కువైతే అడుగు మాడి నడుమ పచ్చిగా మిగులుతుంది. అంచు ఎర్రబడి గుంత నుంచి విడివడగానే సన్నటి పుల్లతో పక్కన గుచ్చి తిప్పితే గుండ్రంగా దొర్లుతుంది. ఇనప పెనాన్ని కడిగి, తడి లేకుండా తుడిచి, నూనె రాసి దాచుకుంటారు. వాడేకొద్దీ ఆ నూనె వేడికి గట్టి పొరగా మారి, పిండి అంటుకోనివ్వదు.

స్వీడన్ వంటింట్లోనూ దీనికో చుట్టం ఉంది. ఏడు లోతులేని గుంతల ఇనప పెనంలో అక్కడివాళ్లు ‘ప్లెట్టార్’ అనే చిన్న అట్లు వేస్తారు. గోధుమపిండి, పాలు, గుడ్లు, వెన్న సరుకు. పులియబెట్టే పని లేదు, అట్టు విడిపోకుండా పట్టి ఉంచేది గుడ్డే. లింగన్‌బెర్రీ జామ్‌తో తింటారు. గురువారం బఠాణీ సూపు తాగి, ఆపైన అట్లు తినడం అక్కడి పాత ఆనవాయితీ.

చిత్తూరులో జామ్ స్థానం ఊరిబిండిది. వేయించిన చెనక్కాయ విత్తనాలు, మిరపకాయలు, చింతపండు, ఉప్పు, వెల్లుల్లి రోట్లో వేసి కచ్చాపచ్చాగా నూరితే చాలు. వానను నమ్ముకుని చెనక్కాయ పండించిన సీమలో ఈ జోడీ ఇంటి పంటతోనే కుదిరింది. గుంతకు అరచెంచా నూనెతో అయ్యే పలహారం కాబట్టి బజ్జీ, బోండాలకంటే తేలిక కూడా.

పిల్లలకు తీపివి కావాలంటే గోధుమపిండిలో కరిగించి వడకట్టిన బెల్లం, మగ్గిన అరటిపండు, యాలకుల పొడి కలిపి వెంటనే పోయవచ్చు. బెల్లం త్వరగా మాడుతుంది కనుక వీటికి సన్న సెగే పెట్టాలి, నూనెకు బదులు నెయ్యి వేయాలి.