కాల్షీటుతో ఒక పాఠ్యపుస్తకానికి పరీక్ష

మా రహమత్ నగర్ ఇంట్లో పై పోర్షన్ కుర్రాడు రోజూ యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కి హైటెక్ సిటీకి వెళ్తాడు. మొన్నొక రాత్రి ఫోన్‌లో ఒక పుస్తకం అట్ట చూపించి, "సార్, ఇది కొనమంటారా? రేటు చూస్తే గుండె గుభేలుమంది" అన్నాడు. తమెర్ ఓజ్సు, పాట్రిక్ వాల్డురీజ్ కలిసి రాసిన డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేస్ సిస్టమ్స్ పుస్తకం, 2020 నాటి నాలుగో ఎడిషన్. రేపు చెప్తానన్నాను. ఆ రేపు వచ్చేసరికి వారమైంది. బీరువాలోని మూడో ఎడిషన్ దించి, కాలేజీ లైబ్రరీ నుంచి నాలుగోది తెచ్చి, రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను మరి.

ఈ పుస్తకాలకి ఒక వంశం ఉంది. 1970ల చివర ఎస్‌డీడీ-1, ఐబీఎం వాళ్ల ఆర్-స్టార్, బర్క్‌లీలో డిస్ట్రిబ్యూటెడ్ ఇంగ్రెస్ అని ప్రయోగాలు జరిగాయి. వాటి సారాన్ని 1984లో చెరీ, పెలగట్టి పుస్తకంగా కూర్చారు. ఓజ్సు-వాల్డురీజ్ మొదటి ఎడిషన్ 1991లో వచ్చింది. అందరూ పట్టుకున్న ప్రశ్న ఒకటే. డేటా నాలుగు ఊళ్లలో ఉన్నా, వాడేవాడికి ఒక్కచోటే ఉన్నట్టు కనిపించాలి. అందుకు తెర వెనక ఏం చెయ్యాలి?

మొదటి పని డేటాని ముక్కలు చెయ్యడం. దీనికి మనకి పరాయి దేశం ఉదాహరణ అక్కర్లేదు. రైల్వే వాళ్ల సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్ తయారుచేసిన కాన్సర్ట్ అనే రిజర్వేషన్ వ్యవస్థ 1994 సెప్టెంబరులో మొదట నడిచింది మన సికింద్రాబాద్‌లోనే. 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు అయిదూ ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. ఏ రైళ్ల లెక్క ఆ కేంద్రం దగ్గరే ఉండేది. చెన్నై లెక్కలో ఉన్న రైలుకి ఇక్కడి కౌంటర్లో టికెట్ అడిగితే, అడిగినవాడికి తెలియకుండానే ప్రశ్న చెన్నై వెళ్లొచ్చేది. ముక్కలు చేసేటప్పుడు పుస్తకం పెట్టే నియమాలు మూడూ ఇక్కడే అర్థమవుతాయి: ఏ రైలూ జారిపోకూడదు, అన్నీ కలిపితే మొత్తం తిరిగి రావాలి, ఒకే రైలు రెండు కేంద్రాల లెక్కలో ఉండకూడదు. ఓజ్సు-వాల్డురీజ్ ఈ భాగాన్ని ఓపిగ్గా చెప్తారు. కాకపోతే వాళ్ల ఉదాహరణ జె. డో అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు, ఆయన కంపెనీ ప్రాజెక్టులూ. ఎడిషన్ మారినా పాపం ఆయన హోదా మారలేదు.

తర్వాతది ప్రశ్నకి జవాబు తక్కువ ఖర్చుతో తేవడం. ఒక ఊళ్లో లక్ష మంది వివరాలున్నాయి, మనిషికి 200 బైట్లు. వాళ్లలో 500 మందే మనకి కావాలి, వాళ్ల నంబర్లు ఇంకో ఊళ్లో ఉన్నాయి. లక్ష మందినీ రప్పిస్తే 2 కోట్ల బైట్లు. నంబరుకి 8 బైట్ల చొప్పున 500 నంబర్లు పంపి ఆ వివరాలే తెప్పించుకుంటే మొత్తం 1,04,000. దీన్నే సెమీజాయిన్ అంటారు. ఇలా లెక్క వేయించడం ఈ పుస్తకం గొప్ప. గిన్నెలు కడగని వంటవాడిలా, చాలా పుస్తకాలు సూత్రం చెప్పి చేతులు దులుపుకుంటాయి.

ఇక నా అసలు పరీక్ష. ఇలాంటి ఏ పుస్తకం చేతికొచ్చినా కమిట్ అధ్యాయం, అంటే పలుచోట్ల జరిగే పనిని అన్నిచోట్లా ఖరారు చెయ్యడమో అన్నిచోట్లా రద్దు చెయ్యడమో చెప్పేది, ముందు తీస్తాను. మధ్యలో లైను తెగితే ఏమవుతుందో సూటిగా చెప్పని పుస్తకాన్ని మూసేస్తాను. మా పక్క కృష్ణానగర్‌లో ఈ సంగతి ఏ సినిమా ప్రొడక్షన్ మేనేజర్ని అడిగినా చెప్తాడు. శుక్రవారం షూటింగ్ పెట్టాలి. హీరో కాల్షీట్ కావాలి, కెమెరా యూనిట్ కావాలి, లొకేషన్ కావాలి. మేనేజర్ ముగ్గురికీ ఫోన్ చేసి "శుక్రవారం రెడీనా?" అంటాడు. ఒక్కరు కాదన్నా అంతా క్యాన్సిల్. ముగ్గురూ రెడీ అంటే డైరీలో 'ఖరారు' అని రాసుకుని, ఆ తర్వాతే మళ్లీ ముగ్గురికీ చెప్తాడు. 1978లో జిమ్ గ్రే వివరించిన టూ ఫేజ్ కమిట్ అచ్చం ఇదే. ఆ డైరీ పేరు లాగ్. రాయకముందే చెప్పేస్తే, మధ్యలో కరెంటు పోయి తేరుకున్నాక తనేం చెప్పాడో తనకే గుర్తుండదు.

చిక్కల్లా రెడీ అన్న క్షణానికీ ఖరారన్న క్షణానికీ మధ్య ఉంది. కెమెరా యూనిట్ రెడీ అంది. మేనేజర్ ఫోన్ స్విచాఫ్ అయింది. ఇప్పుడు ఆ యూనిట్ శుక్రవారం ఇంకొకరికి ఇవ్వలేదు, మానుకోనూ లేదు. మిగతా ఇద్దర్నీ అడగొచ్చు. ఒకరికి ఖరారు కబురు అందిందంటే సరే. ముగ్గురూ "రెడీ అన్నాం, ఆపైన తెలీదు" అంటే అందరూ కాళ్లు కట్టేసినట్టు కూర్చోవాల్సిందే. మూడో ఎడిషన్ పన్నెండో అధ్యాయం ఈ ఇరకాటాన్ని ఒక్కో స్థితి బొమ్మ వేసి చూపిస్తుంది. మధ్యలో ఇంకో దశ కలిపిన త్రీ ఫేజ్ కమిట్‌తో మేనేజర్ పోయినా బయటపడొచ్చని, నెట్‌వర్కే రెండు ముక్కలైతే అదీ చాలదని దాచకుండా చెప్తుంది. నా దృష్టిలో పుస్తకం మొత్తానికి ప్రాణం ఇక్కడుంది.

800 పేజీలు దాటిన మూడో ఎడిషన్ నాలుగోదానికి వచ్చేసరికి 700 లోపుకి తగ్గింది. కమిట్‌తో సహా ట్రాన్సాక్షన్ల సంగతంతా అయిదో అధ్యాయంలోకి కుదించారు. పాక్సోస్ అనే ఏకాభిప్రాయ పద్ధతి అక్కడ చేరింది, బిగ్ డేటా, నోఎస్‌క్యూఎల్‌లకి వేరే అధ్యాయాలు వచ్చాయి. ఉద్యోగానికి అవి కావాలి. కానీ మొదటిసారి చదివేవాడికి ఆ కుదింపులో ఊపిరాడదు. నడుస్తున్న సిస్టమ్‌లు ఎలా దెబ్బతింటాయో తెలియాలంటే మార్టిన్ క్లెప్‌మన్ 2017లో తెచ్చిన పుస్తకమే హాయిగా ఉంటుంది. లెక్క కావాలంటే మాత్రం మళ్లీ ఓజ్సు-వాల్డురీజ్ దగ్గరికే రావాలి.

కుర్రాడికి అదే చెప్పాను: "కొనకు బాబూ. నా మూడోది తీసుకెళ్లు, పన్నెండో అధ్యాయం పెన్సిల్ పట్టుకుని చదువు. కొత్త అధ్యాయాలు లైబ్రరీలో చూసుకుందువుగాని." పుస్తకం ఇప్పుడు పైనే ఉంది.

నాకున్న కొరత ఇంకొకటి. రెండు ఎడిషన్లలోనూ సికింద్రాబాద్ లేదు. ఆ రోజుల్లో ఇక్కడ రిజర్వేషన్ టెర్మినళ్ల ముందు కూర్చుని అయిదు కేంద్రాలనీ కలిపినవాళ్లు చాలామంది ఈపాటికి రిటైరై ఉంటారు. అయ్యా, అమ్మా, లైను తెగిన రాత్రి మీరేం చేశారో రాయండి. తెలుగులో రాయండి.