కవ్వం పట్టిన చేయి

వెన్న తీయడంలో బలం కన్నా చెవి ముఖ్యం. పిడకల దాలిలో పొద్దంతా కాగిన గేదె పాలు, రాత్రి తోడు, తెల్లవారుజామున గుంజకు కట్టిన కవ్వం. తాడు కొసలు మార్చి మార్చి లాగుతుంటే, బరువుగా వినిపించే చప్పుడు ఉన్నట్టుండి పలచబడుతుంది. కొవ్వు రేణువుల పొర చిట్లి, అవి ఒకదాన్నొకటి అంటుకున్నాయన్నమాట. ఇక ఎక్కువ చిలకకూడదు. వేసవిలో చల్లని కుండనీళ్లు, చలికాలంలో గోరువెచ్చని నీళ్లు ఎంత పోయాలో థర్మామీటరు లేకుండానే తెలిసిన అమ్మమ్మల వేళ్లకు మొక్కాలనిపిస్తుంది నాకు. తేలిన వెన్నను తడిచేత్తో ముద్దచేసి, నీళ్లు తేటబడేదాకా కడుగుతారు. మజ్జిగ మిగిలితే ముద్ద త్వరగా పాడవుతుంది. మిక్సీతో పని తొందరగా అవుతుంది, నిజమే. దాని వేడికి మాత్రం వెన్న మెత్తబడి జారిపోతుంది. కవ్వపు వెన్న గట్టిగా, తెల్లగా నిలుస్తుంది. గోంగూర పచ్చడి కలిపిన వేడన్నంలో అదే వేసుకోవాలి.