పైన్‌కాయ - పిడక: కైరుప్పల పిడకల సమరంలో ప్రతీకార్థ పరిశీలన

1. ఉపోద్ఘాతం

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలో, ఆస్పరి మండలంలోని కైరుప్పలలో ఏటా ఉగాది మరునాడు పిడకల సమరం జరుగుతుంది. ఊరి జనం వీరభద్రస్వామి పక్షం, కాళికాదేవి పక్షం అని రెండుగా విడిపోయి ఒకరిపై ఒకరు పిడకలు రువ్వుకొంటారు. పత్రికలు, టెలివిజన్ ఛానళ్లు దీనిని ‘వింత ఆచారం’గా పరిచయం చేస్తాయి. ఆ మాట కుతూహలాన్ని తీరుస్తుందే గాని, రాయి గాక, కర్ర గాక పిడకే ఎందుకు అన్న అసలు ప్రశ్నను దాటవేస్తుంది. ప్రాచీన కళలో విస్తృత చర్చకు లోనైన పైన్‌కాయ (సరళవృక్ష శంకువు) ప్రతీకను తులనాత్మకంగా తీసుకొని ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది. ఇక్కడ పోలిక రెండు వస్తువుల మధ్య కాదు, వాటిని వ్యాఖ్యానించే పద్ధతుల మధ్య.

2. పైన్‌కాయ: ఆకారమా, వినియోగమా?

అస్సీరియా రాజు రెండవ అషుర్‌నాసిర్‌పాల్ (క్రీ.పూ. 883-859) నిమ్రూద్‌లో నిర్మించిన రాజభవనపు శిలాఫలకాలపై రెక్కలున్న దేవతామూర్తులు కనిపిస్తారు. వారి కుడిచేతిలో పైన్‌కాయ వంటి వస్తువు, ఎడమచేతిలో చిన్న బొక్కెన ఉంటాయి. మానవశాస్త్రవేత్త ఇ. బి. టైలర్ 1890లో దీనిని ఖర్జూర వృక్షానికి చేసే కృత్రిమ పరాగసంపర్కంగా వివరించాడు. ఖర్జూరపు మగ పూగుత్తి ఆకారం ఆ వస్తువును పోలి ఉండటం ఈ వాదానికి ఆధారం. అయితే ఆ మూర్తులు ఆ వస్తువును పవిత్ర వృక్షం వైపే గాక రాజు వైపు కూడా చాపుతారు. ద్వారాల పక్కన కూడా అదే భంగిమలో నిలుస్తారు. అక్కాడియన్ క్రతుపాఠాలలో దాని పేరు ‘ముల్లిలు’. అంటే శుద్ధి చేసేది. ఆకారం ఫలసమృద్ధి అని చెప్పిన చోట, వినియోగం శుద్ధి అని చెబుతున్నది.

ఆధునిక జనసంస్కృతి ఈ విషయంలో మరింత దూరం వెళ్లింది. మెదడులోని పీనియల్ గ్రంథికి ఆ పేరు పైన్‌కాయను పోలిన రూపం వల్ల వచ్చింది. 1888లో బ్లావట్‌స్కీ ‘ది సీక్రెట్ డాక్ట్రిన్’లో ఆ గ్రంథిని మూడవ కంటితో ముడిపెట్టింది. తరువాతి వ్యాఖ్యాతలు ఆ అర్థాన్ని వెనక్కి మళ్లించి, వాటికన్ ప్రాంగణంలోని రోమన్ కాలపు కంచు పైన్‌కాయను సైతం మూడవ కంటికి చిహ్నంగా ప్రచారం చేశారు. వస్తువు గ్రంథికి పేరునిస్తే, గ్రంథి వస్తువుకు లేని చరిత్రనిచ్చింది.

3. పురాణం నుంచి పల్లెకు

పురాణాలలో వీరభద్రుడు, భద్రకాళి దక్షయజ్ఞ విధ్వంసానికి ఉద్భవించిన ఉగ్రమూర్తులు. కైరుప్పల కథలో వారు ప్రేమికులు. పెళ్లి విషయంలో వీరభద్రుడు జాప్యం చేశాడని, అందుకు ఆగ్రహించిన కాళికాదేవి పక్షంవారు ఆయనను పిడకలతో కొట్టి అవమానించదలచారని, స్వామి పక్షంవారు ఎదురుదాడికి దిగారని, చివరకు పెద్దలు రాజీ కుదిర్చి ఇద్దరికీ కల్యాణం జరిపించారని ఐతిహ్యం.

ఈ మార్పు చిన్నది కాదు. పురాణంలో అవమానం పొందినది సతీదేవి, ప్రతీకారం తీర్చుకొన్నవాడు వీరభద్రుడు. ఇక్కడ మాట నిలుపుకోనివాడు వీరభద్రుడే. నిలదీసినది దేవి పక్షం. యజ్ఞశాల ఊరి బజారైంది, శిరచ్ఛేదం పంచాయితీ అయింది. దేవుడైనా మాట తప్పితే ఊరికి జవాబు చెప్పుకోవలసిందేనన్న పల్లెనీతి ఈ కథకు ప్రాణం.

4. పిడక: అవమానం, గాయం, విభూతి

తెలుగు జీవితంలో ఆవుపేడకు రెండు విలువలున్నాయి. అది కళ్లాపి, సంక్రాంతి గొబ్బెమ్మ, భోగిమంటలో వేసే పిడకల దండ, పంచగవ్యాలలో గోమయం. అదే పేడను మనిషిపై విసిరితే ఘోరమైన తిరస్కారం. పదార్థం ఒక్కటే; చర్య మారితే అర్థం మారుతుంది. వస్తువుకు స్థిరమైన ప్రతీకార్థం ఉంటుందన్న భావన ఇక్కడ నిలువదు.

కాబట్టి ఆచారక్రమాన్ని చూడాలి. కారుమంచి నుంచి రెడ్డి వంశస్థులు గుర్రంపై వచ్చి పూజలు చేయడం, ఆపై సమరం, దెబ్బలు తగిలినవారు గుడిలో విభూతి రాసుకోవడం, చివరకు దేవతా కల్యాణం - ఇదీ వరుస. శైవ సంప్రదాయంలో విభూతి గోమయాన్ని కాల్చగా వచ్చే భస్మం. అంటే గాయపరచిన పదార్థమే అగ్నిసంస్కారం పొంది గాయానికి లేపనమవుతున్నది. అవమానానికి, శుద్ధికి ఒకే ద్రవ్యం సరిపోవడం వల్లనే ఈ కలహం కల్యాణంగా ముగియగలుగుతున్నది. రాయికి గాని, కర్రకు గాని ఈ పరిణామం సాధ్యం కాదు. ఇదే ప్రాంతంలోని దేవరగట్టులో దసరా రాత్రి జరిగే కర్రల సమరంతో పోలిస్తే ఈ భేదం స్పష్టమవుతుంది. అక్కడ పోరు ఉత్సవమూర్తుల కోసం. కర్ర పోరు ముగిశాక కూడా కర్రగానే మిగులుతుంది.

గ్రీకు సంప్రదాయంలోనూ సమీపమైన ఉదాహరణ ఉంది. డయోనిసస్ భక్తురాండ్ర చేతిలోని థైర్సస్ అనే దండం కొనకు ఐవీ ఆకుల గుత్తి గాని, పైన్‌కాయ గాని ఉంటుంది. యూరిపిడీస్ ‘బాకే’ నాటకంలో ఆ దండంతో నేలను తాకితే ద్రాక్షారసం ఉబుకుతుంది. దానినే విసిరితే పురుషులు గాయపడతారు. అక్కడ కూడా వరానికి, దెబ్బకు సాధనం ఒక్కటే.

5. ముగింపు

కైరుప్పల సమరంపై రెండు తేలిక వ్యాఖ్యానాలు చెలామణిలో ఉన్నాయి. ఒకటి దానిని మౌఢ్యమని తోసిపుచ్చుతుంది; రెండవది పేడకు ఆధునిక వైద్యగుణాలు అంటగట్టి సమర్థిస్తుంది. పైన్‌కాయను పీనియల్ గ్రంథిగా చదివినవారి పొరపాటే ఈ రెండవదానిది. రెండూ ఆచారాన్ని చూడక వస్తువునే చూస్తాయి. ఏటా తగిలే గాయాలు నిజమైనవి. ప్రతీకార్థం వాటికి సమర్థన కాజాలదు, భద్రతను గురించిన చర్చ అవసరమే. అయితే కథలో సమరం గమ్యం కాదు, రాజీకి మార్గం. దానిని గుర్తించకుండా పిడకను మాత్రమే తూలనాడినా, కొనియాడినా, వీరభద్రుని నిలదీసిన దేవి పక్షపు ప్రశ్న వినబడకుండా పోతుంది.