‘ఎడారి’ అన్న మాట గురించి: పావగడ దారుల్లో సైకిలు యాత్ర

కొండలూ కరువూ ఉన్న సీమలో సైకిలు తొక్కి ఆ యాత్రను రాసేవారికి రెండు మాటలు సులభంగా చేతికందుతాయి: ‘ఎడారి’, ‘నిర్మానుష్యం’. తుమకూరు జిల్లా పావగడ తాలూకాకు ఈ రెండూ అతకవు. ఇక్కడ వాన తక్కువే గాని వేరుశెనగ పండుతుంది. దాదాపు చుట్టూ ఆంధ్ర గ్రామాలు. ఇంటా సంతలోనూ తెలుగు వినిపిస్తుంది.

ఏనుగుల వీరాస్వామయ్య 1830-31 కాశీయాత్రలో మజిలీ మజిలీకీ దారి, నీరు, బస ఎలా ఉన్నాయో రాసుకున్నాడు. సైకిలు యాత్రికునికి కావలసినవీ అవే. అయితే ఆయన పల్లకిలో వెళ్ళాడు, బరువు బోయీలది. సైకిలుమీద బోయీ, యాత్రికుడూ ఒకరే. ఎత్తు ఎక్కినప్పుడు ఆ తేడా వాక్యంలోకి రావాలి. మన యాత్రారచనల్లో అది అరుదు.

నాగలమడిక దగ్గర ఉత్తర పినాకిని అంటే మన పెన్నే. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ (1956)లో ఎండిన ఏటి పక్కన పేద దంపతుల బతుకు కనిపిస్తుంది. ఎండిపోయిన చోటు ఖాళీ చోటు కాదని ఆయనకు తెలుసు.

ఈ పట్టింపు మాటలకోసం మాత్రమే కాదు. 2018లో ప్రారంభమై 2019లో పూర్తయిన తిరుమణి ప్రాంతపు సౌరవిద్యుత్ పార్కు సుమారు 13,000 ఎకరాలది, 2,050 మెగావాట్లది. భూమి ఉన్న రైతుకు కౌలు వచ్చింది. ఆ చేలల్లో కూలికి పోయినవారికి కౌలు లేదు. కంచె పక్క రోడ్డు ‘ప్రశాంతంగా’ ఉందని రాసే యాత్రికుడు, అక్కడ మునుపు కలుపు తీసినవారు ఇప్పుడు ఎక్కడికి పోతున్నారో ఒకసారి దిగి అడగవచ్చు. భాష కూడా అడ్డు కాదు.