నేర్చిన చేతికి మళ్లీ మొదటి పాఠం

టోక్యోలో చదువుకుంటున్న జిగోరో కానో 1877లో జుజుత్సు అనే యుద్ధవిద్యలో చేరాడు. అతను ఎంచుకున్నది తెన్జిన్ షిన్యో శాఖ. గొంతు బిగించడం, కీళ్లు మెలిపెట్టడం, మర్మస్థానాల మీద దెబ్బ తీయడం దాని ప్రత్యేకత. మొదటి గురువు ఫుకుదా 1879లో, రెండో గురువు ఇసో 1881లో కన్నుమూశారు. ఆ ఏడే కానో కిటో శాఖకు చెందిన ఈకుబో త్సునెతోషి దగ్గరికి వెళ్లాడు. అక్కడ మనిషిని ఎత్తి పడేయడమే ప్రధాన విద్య. అక్కడి కటాలు, అంటే ముందే నిర్ణయించిన కదలికల వరుసలు, కవచం తొడుక్కున్న యోధులను దృష్టిలో పెట్టుకుని కూర్చినవి. అప్పటికే చేయి తిరిగిన కానో, అక్కడ మళ్లీ కొత్త శిష్యుడిగా కింద పడటం మొదలుపెట్టాడు. 1882లో ఎయిషోజి అనే గుడిలో కోడోకాన్ అనే శిక్షణశాల తెరిచి జూడోకు పునాది వేశాక కూడా, ఈకుబో అక్కడికి వచ్చి పాఠాలు చెప్పేవారు.

ఈ రోజుల్లో కరాటేలో బ్లాక్ బెల్టు దాకా వెళ్లి, తర్వాత జపాన్ జుజుత్సులో చేరేవాళ్లను మొదట విసిగించేది మణికట్టు. ఎదుటివాడు వచ్చి మణికట్టు పట్టుకుంటాడు. వీధిలో అలా ఎవడు పట్టుకుంటాడు, ఈలోపు ఒక గుద్దు గుద్దొచ్చు కదా అనిపిస్తుంది. దీనికి జవాబు నడుము దగ్గర ఉంది. సమురాయ్ కత్తి ఎడమ నడుముకు ఉండేది, దూసేది కుడి చేత్తో. ఆ చేయి ఎదుటివాడికి చిక్కితే కత్తి ఒరలోనే ఉండిపోతుంది. పట్టు విడిపించుకోవడమంటే కత్తి దూసే వీలు సంపాదించుకోవడం. మోకాళ్ల మీద కూర్చుని చేసే కటాలకూ ఇలాంటి కారణమే ఉంది. గదిలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరిలో ఒకడు చురకత్తి తీస్తే రెండోవాడు ఏం చేయాలి? 1532లో పుట్టిందని చెప్పే తకెనోఉచి శాఖకు పేరు తెచ్చింది పొట్టి కత్తితో దగ్గరగా కలబడే ఈ విద్యే. లేని కత్తిని మనసులో చూడగలిగితేనే ఆ కదలికలకు అర్థం తెలుస్తుంది.

పాత విద్య వృథా పోదు. జూడో వచ్చినవాళ్లకు దెబ్బ తగలకుండా పడటం తెలుసు. కరాటే వచ్చినవాళ్లకు దూరం అంచనా తెలుసు. కానీ కరాటే చేయి తగిలి వెనక్కి వచ్చేస్తుంది, జుజుత్సు చేయి తగిలినచోటే నిలిచి ఎదుటివాడి బరువు ఎటు వాలుతోందో వెతకాలి. జూడోలో ఒక చేయి కాలరు మీదికి, రెండోది ఎదుటివాడి చొక్కా చేతి మీదికి పోతాయి. ఎదుటివాడి చేతిలో చురకత్తి ఉంటే ఆ పట్టు ప్రాణాంతకం.

అన్నిటికన్నా ప్రమాదం వేగం. అనుభవజ్ఞులు నెమ్మదిగా చేయడానికి మొహమాటపడి తొందరపడతారు, భాగస్వామి మోచేయి దెబ్బతింటుంది. ఇంకొందరు కటాలో తర్వాత ఏం రాబోతోందో ముందే తెలుసు కాబట్టి అడ్డుకుంటారు. తెలిసిన దెబ్బను ఆపడం ఎవరికైనా చేతనవుతుంది, దానివల్ల ఇద్దరూ నేర్చుకునేది ఏమీ ఉండదు. దాడి చేసే పాత్ర వచ్చినప్పుడు నిజాయితీగా దాడి చేసి, పడాల్సినచోట పడాలి. చేయి తిరిగినవాళ్లకు అసలు పరీక్ష ఇదే.

1930లో కానో, తర్వాత ఐకిడో స్థాపకుడిగా పేరుపొందిన మొరిహేయి ఉయెషిబా ప్రదర్శన చూసి ముగ్ధుడై తన శిష్యులను ఆయన దగ్గరికి పంపాడు. వాళ్లలో మినోరు మోచిజుకి ఒకడు. జూడోలో అప్పటికే మంచి పేరున్న ఈ యువకుడు, దైతో శాఖ జుజుత్సు మూలాలున్న ఉయెషిబా విద్యను మొదటినుంచి నేర్చుకున్నాడు. 1931లో షిజుఓకాలో యోసెయికాన్ అనే శిక్షణశాల తెరిచాడు. జూడోనూ వదల్లేదు, కొత్తదాన్నీ వదల్లేదు.

చేరదలచినవాళ్లు ఒక తేడా గమనించాలి. బ్రెజిలియన్ జుజుత్సు వేరు. 1914లో బ్రెజిల్ చేరిన కోడోకాన్ శిష్యుడు మిత్సుయో మాయెదా ద్వారా వెళ్లిన జూడో నుంచి అది పెరిగింది. కాబట్టి డబ్బు కట్టేముందు ఏ శాఖ, గురువుగారికి ఎవరు నేర్పారు అని మర్యాదగా అడగండి. ఒక క్లాసు కూర్చుని చూడనివ్వమనండి. పాత విద్యలో తగిలిన మోకాలి, భుజం గాయాలుంటే మొదటి రోజే చెప్పండి.