బొమ్మ కింద పేరు

ఊళ్ళు తిరుగుతూ, కంటికి ఎదురుగా ఉన్నదాన్ని అక్కడికక్కడే గీయడం కళాకారుడి స్వేచ్ఛకు గుర్తు అని విమర్శకులు రాస్తుంటారు. ఎవరి స్వేచ్ఛ? గీసినాయన రేపు ఇంకో ఊరు పోతాడు. బొమ్మలో పడ్డ మనిషి అక్కడే ఉంటాడు. తన బొమ్మ ఎటుపోయిందో కూడా ఎరగడు. ఈ తేడాను లెక్కలోకి తీసుకోని విమర్శ సగం విమర్శే అని మేము అనుకుంటున్నాం.

థామస్, విలియం డేనియల్‌లు 1786లో కలకత్తా వచ్చి, ఏళ్ళ తరబడి దేశమంతా తిరిగి గీశారు. 1795-1808 మధ్య లండన్‌లో అచ్చయిన వాళ్ళ 'ఓరియంటల్ సీనరీ'లో 144 చిత్రాలున్నాయి. గుడి ఉంది, కోట ఉంది, మర్రిచెట్టు ఉంది. మనుషులు? గోపురం ఎంత ఎత్తో తెలియడానికి నిలబెట్టినట్టు ఉంటారు. రాతికట్టడానికి ఉన్న పేరు మనిషికి లేదు.

చిత్తప్రసాద్ దారి వేరు. 1943 నవంబరులో ఆయన మిడ్నపూర్ జిల్లాకు పోయింది అందాలు వెతుక్కుంటూ కాదు, కరువును చూడటానికి. నల్ల సిరాతో గీశాడు, చూసింది రాశాడు. ఎముకలగూడైన మనిషి బొమ్మ పక్కన, తెలిసినచోట, ఆ మనిషి పేరూ ఊరూ రాశాడు. డేనియల్‌ల నుంచి ఇక్కడిదాకా నడిచిన దూరం ఆ ఒక్క పనిలోనే ఉంది. ఆ పుస్తకం 'హంగ్రీ బెంగాల్' ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని నాశనం చేసింది. దృశ్యాలకు భయపడని ప్రభుత్వం పేర్లకు భయపడింది!

అయితే మా పేచీ ఆయనతో కంటే ఆయన్ని మెచ్చుకునేవాళ్ళతో. భట్టాచార్య అనే బ్రాహ్మణ ఇంటిపేరును ఆయన వదిలేశాడని ప్రతి జీవిత పరిచయంలోనూ రాస్తారు. మంచిదే. (వదులుకోడానికి ముందు అది ఉండాలి గదా!) గీసినాయన కులం ఇంత గుర్తున్నవాళ్ళకు, గీయబడ్డవాళ్ళ కులం ఏమిటన్న ప్రశ్న ఎందుకు రాదు? 'రైతులు', 'ప్రజలు', 'ఆకలిగొన్న మానవుడు' అనేసి ముగిస్తారు. ఆ కరువు ఎక్కువగా పొట్టనబెట్టుకున్నది భూమిలేని కూలీలను, చేపలు పట్టేవాళ్ళను. బెంగాల్లో చేపలు పట్టడం ఉత్త వృత్తి కాదు, కులం. భూమి లేకపోవడం కూడా చాలామటుకు కులమే. ఆ వరసలో పేద ముస్లింలూ ఉన్నారు. గింజలు ఎవరింట్లో ముందు అయిపోయాయో చెప్పకుండా ఆకలి గురించి చెప్పినట్టు ఎట్లా అవుతుంది?

2011లో ఢిల్లీ గ్యాలరీ ఒకటి ఆ పుస్తకాన్ని ఉన్నదున్నట్టు మళ్ళీ అచ్చేసింది. బొమ్మలు నేర్పే టీచర్లు పిల్లల్ని స్కెచ్ పుస్తకాలతో వాడలకు తోలుకుపోయే ముందు ఆ పుటలు చూపించాలి. డప్పునీ, చెప్పులు కుట్టే చేతుల్నీ గీసేముందు ఆ మనిషి ఒప్పుకున్నాడా అని అడగాలి. పేరు చెప్పడం ఇష్టమైతే ఆయన చెప్పినట్టే రాయాలి. గీసినాక బొమ్మ ముందు ఆయనకే చూపించాలి. బాగాలేదు, చించెయ్యమంటే చించెయ్యాలి.